బకెట్ల వరసలో రెండేళ్లు

మొన్న సెప్టెంబరు 30న నా ఖాతాలో 3,610 రూపాయలు పడ్డాయి. హాస్టల్ ఖాళీ చేసిన 74 రోజులకు తిరిగొచ్చిన డిపాజిట్ సొమ్ము అది. దాంతో హైదరాబాద్‌తో నా లెక్క తీరిపోయింది. మా వీధిలో ఇద్దరమ్మాయిలు ఈ ఏడాది అక్కడ పీజీ చదువుకు చేరుతున్నారు. వాళ్ల అమ్మలు వచ్చి, భోజనం ఎలా ఉంటుంది, భయమేమీ లేదు కదా అని అడిగి వెళ్తున్నారు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు ఎన్నింటికి వస్తాయి, సంతకం పెట్టే బంధువు ఊళ్లో ఎవరున్నారు, మెస్ బిల్లు ఎలా లెక్కగడతారు. నాకు ఇవేవీ ముందుగా చెప్పినవాళ్లు లేరు. కళాశాల పేరు రాయను. నగరం నడుమ ఉన్న పాత కళాశాల, దాని వెనక అమ్మాయిల హాస్టల్, మూడంతస్తులు, ముందు ఒక వేపచెట్టు. అంతవరకు చాలు.

మాది నిర్మల్. 2023 అక్టోబరు మొదటి వారంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు ఖాయమైంది. సీటు వస్తే హాస్టల్ కూడా వచ్చినట్టేనని నేనూ నాన్నా ట్రంకు పెట్టెతో సహా దిగాం. ఆఫీసులో గుమాస్తాగారు ముందు పెట్టె వంక, తర్వాత మా వంక చూసి, "హాస్టల్ దరఖాస్తులే ఇంకా ఇవ్వలేదమ్మా, పెట్టె ఎక్కడైనా పెట్టుకుని రండి" అన్నారు. జేబీఎస్‌లో బస్సు దిగి, ఆటోకు 250 ఇచ్చి తెచ్చిన పెట్టె అది. దాన్ని మళ్లీ ఆటో ఎక్కించి ఉప్పల్‌లో చిన్నాన్న ఇంట్లో పడేసి వచ్చాం. ఆ పెట్టె నా హాస్టల్ గదికి చేరడానికి సరిగ్గా నాలుగు వారాలు పట్టింది.

ఆ నాలుగు వారాలు ఒక ప్రైవేటు హాస్టల్లో ఉన్నాను. నలుగురుండే గది, నెలకు 6,500, అడ్వాన్సు 2,000. గది ఖాళీ చేయడానికి నెల ముందు చెప్పకపోతే అడ్వాన్సు ఇవ్వబోమని రసీదు వెనక చిన్న అక్షరాలతో ఉంది. నేను చదవలేదు. కళాశాల హాస్టల్లో గది ఎప్పుడు వస్తుందో నాకే తెలియనప్పుడు నెల ముందు ఎలా చెబుతాను? రెండు వేలూ పోయాయి. మీరు గనక ఇలా మధ్యకాలానికి చేరాల్సి వస్తే రోజు లెక్కన తీసుకునే చోటు వెతుక్కోండి. రోజుకు 300 చెప్పినా చివరికి అదే చవక.

దరఖాస్తులు అక్టోబరు 16న ఇచ్చారు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్, అంతకుముందు చదివిన చోటి టీసీ నకలు, ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిన కాగితం, ర్యాగింగ్ చేయనని నేనూ, చేయనివ్వనని నాన్నా ఇచ్చే హామీపత్రాలు, ఆరు ఫోటోలు. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది లోకల్ గార్డియన్. నగరంలో ఉండే బంధువు ఒకరు స్వయంగా వచ్చి, వార్డెన్ మేడమ్ ఎదుట సంతకం పెట్టాలి. చిన్నాన్న ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు మేడమ్ సెలవు. రెండోసారి వచ్చినప్పుడు ఆయన ఆధార్‌లో పాత చిరునామా ఉంది, నిర్మల్‌దే. "నిర్మల్లో ఉండే మనిషి ఇక్కడ గార్డియన్ ఎలా అవుతాడు?" అన్నారు మేడమ్. కరెంటు బిల్లు పట్టుకుని మూడోసారి వస్తే పనైంది. మూడు పూటల జీతం పోయినా చిన్నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది. గార్డియన్‌గా పెట్టుకునే బంధువు ఆధార్ చిరునామా ముందే చూసుకోండి. నేను చెప్పగలిగిన వాటిలో ఇదే అన్నిటికంటే పనికొచ్చే మాట.

జాబితా నోటీసు బోర్డుకు అంటించారు. నా పేరు నిరీక్షణ జాబితాలో నాలుగోది. రోజూ తరగతులయ్యాక వెళ్లి చూసేదాన్ని. ఒకరోజు మూడోదయ్యాను. తర్వాత ఎనిమిది రోజులు మూడులోనే ఉన్నాను. నవంబరు 6న సీటు వచ్చినవాళ్లలో నా పేరుంది. మెస్ డిపాజిట్ 5,000, ఏడాది అద్దె, కరెంటు కలిపి 3,600, మొత్తం 8,600. ఫోన్లో కడతానంటే కుదరదు, బ్యాంకు చలానాయే కావాలి, బ్యాంకు రెండింటి దాకానే తీసుకుంటుంది. ఆ రోజు ప్రయోగశాల పని వదిలేసి చలానా కట్టాను.

గది నంబరు 23. మూడు మంచాలు, ఐదుగురం. మంచాలు సీనియర్లవి, నేల మాది. ఇది ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ గట్టిగా చెప్పరు కూడా. మంచం మీద కూర్చున్న అక్క కొద్దిగా కాళ్లు ముడుచుకుని, కింద ఖాళీ జాగా వైపు చూస్తుంది. అర్థమైపోతుంది. కోఠి వెళ్లి 900కు పలచటి పరుపు, 180కి నీలం రంగు బకెట్టు, మగ్గు, రెండు తాళంచెవులున్న తాళం కప్ప, స్టీలు పళ్లెం, గ్లాసు తెచ్చుకున్నాను. పరుపును పగలంతా చుట్టి గోడకు నిలబెట్టాలి, లేకపోతే తలుపు తెరుచుకోదు. మంచం నాకు వచ్చింది 2024 ఆగస్టులో. మొదటి రాత్రి ఎత్తు కొత్తగా ఉండి నిద్ర పట్టలేదు.

పేర్లు కూడా అక్కడ ఊళ్లవే. గదిలో నాగర్‌కర్నూలు ఉంది, భూపాలపల్లి ఉంది, ఖమ్మం ఉంది. నన్ను నిర్మల్ అనేవారు. "నిర్మల్, లైటు తీసెయ్" అంటే మొదట్లో ఊరంతటికీ కరెంటు తీసేయమన్నట్టు వినిపించి నవ్వొచ్చేది. ఖమ్మం అమ్మాయి దోసకాయ అంటే మా ఇంట్లో దోసకాయ కాదు. సొరకాయా ఆనిగెపుకాయా అని నాగర్‌కర్నూలుకూ భూపాలపల్లికీ ఒక రాత్రంతా వాదన జరిగింది. మర్నాడు మెస్‌లో అదే కూర. ఇద్దరూ తినలేదు.

ఇప్పుడు బకెట్ల సంగతి. మా అంతస్తులో 48 మంది, స్నానాల గదులు ఆరు. ఒకదానికి గడియ లేదు కాబట్టి ఐదనుకోండి. నీళ్లు ఉదయం ఐదు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఒక గంట. తొమ్మిదిన్నరకు తరగతి. ఈ లెక్క చేరిన మొదటి రోజే వేసుకుని ఉంటే పరుపుకంటే ముందు అలారం గడియారం కొనుక్కునేదాన్ని. అక్కడి పద్ధతి ఏమిటంటే, మనిషి నిలబడక్కర్లేదు. బకెట్టు నిలబడితే చాలు. రాత్రి పదకొండింటికే నడవాలో బకెట్లు బారులు తీరతాయి. ఒక్కో స్నానాల గది తలుపు ముందు ఒక్కో వరస. నేను తొలిరోజు నా నీలం బకెట్టును మూడోదిగా పెట్టి పడుకున్నాను. తెల్లారి అయిదుంబావుకు లేచి చూస్తే తొమ్మిదోది. మర్నాడు రెండోదిగా పెట్టాను, ఏడోది అయింది. కొత్త బకెట్టుకు కాళ్లు లేకపోయినా రాత్రంతా వెనక్కే నడుస్తుంది.

నాగర్‌కర్నూలు అక్క నా మొహం చూసి, గోళ్ల రంగు సీసా ఒకటి ఇచ్చింది. "పేరు రాసుకో. పెద్దగా రాయి. ఎవరిదో తెలిస్తే జరపరు, ఎవరిదో తెలియకపోతే అందరిదీ" అంది. ఎర్ర రంగుతో 'నిర్మల్' అని రాశాను. 'ర్మ' కింద రంగు కారి ఒక చుక్క అడుగుదాకా సాగింది. అది ఆరేదాకా బకెట్టును ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఇంటి నుంచి వచ్చాక ఏడ్చింది ఆ రాత్రి ఒక్కటే. ఎందుకో సరిగ్గా చెప్పలేను. మా ఇంటి పెరట్లో బోరింగు ఉంది, ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు కొట్టుకుంటాం. అక్కడ ఇరవై రెండేళ్లు స్నానం చేసినప్పుడు అది ఒక విషయమే కాదు. ఆ తర్వాత నా బకెట్టు ఎప్పుడైనా ఒకటి రెండు స్థానాలు జరిగిందేమో కానీ, తొమ్మిదోది మాత్రం కాలేదు.

2024 వేసవిలో ఆ రెండున్నర గంటలూ తగ్గిపోయాయి. ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో నగరంలో చాలా చోట్ల బోర్లు అడుగంటి, జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. మా హాస్టల్ బోరు కూడా అలాగే చేతులెత్తేసింది. ట్యాంకరు వచ్చిన చప్పుడు వినగానే మూడంతస్తుల నుంచి చెప్పుల శబ్దం. మనిషికి రెండు బకెట్లని వార్డెన్ మేడమ్ కాగితం అంటించారు. తలంటు ఆదివారం మాత్రమే. ఇద్దరం కలిసి ఒకే బకెట్లో బట్టలు ఉతికి, ఆ నీళ్లే మరుగుదొడ్డికి వాడేవాళ్లం. ఆ హడావిడిలోనే నా బకెట్టుకు చీలిక వచ్చింది. భూపాలపల్లి కొవ్వొత్తి మీద చెంచా కాల్చి, చీలిక వెంబడి అద్ది అతికించింది. నీలం మీద నల్లటి మచ్చ పడింది. కారడం ఆగింది.

బయటి నగరం ఎలా ఉండేదని అడుగుతారేమో. చూసింది తక్కువే. గేటు ఏడున్నరకు మూసేస్తారు. ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, అప్పుడప్పుడు కోఠి, నెలకోసారి ఉప్పల్‌లో చిన్నాన్న ఇల్లు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక మా లెక్కలన్నీ మారిపోయాయి. అంతకుముందు నిర్మల్‌కు రానూపోనూ ఇంచుమించు ఆరు వందలు. రెండు నెలలకోసారి వెళ్దామనుకున్న నేను, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుని మూడు వారాలకోసారి వెళ్లొచ్చాను. మెట్రో మాత్రం డబ్బులు పెట్టాలి కాబట్టి రెండేళ్లలో ఆరుసార్లే ఎక్కాను. అందులో రెండు పరీక్షలకు ఆలస్యమైనప్పుడు.

ఉచితానికి మరో మొహం కూడా ఉంది. సంక్రాంతి సెలవులయ్యాక, 2024 జనవరి 17న, నిర్మల్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎక్కిన బస్సులో కామారెడ్డి దాకా నిలబడే వచ్చాను, సకినాల డబ్బా నెత్తిన పట్టుకుని. మేడ్చల్ దగ్గర బండ్లు బారులు తీరి కదలలేదు. జేబీఎస్ చేరేసరికి ఏడు ముప్పావు, హాస్టల్ గేటుకు ఎనిమిదిన్నర. గేటు దగ్గరి ఆయమ్మ తలుపు తీయదు. మేడమ్‌కు ఫోన్ చేయమంటుంది. మేడమ్ గార్డియన్‌తో మాట్లాడించమన్నారు. చిన్నాన్న షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకరులో ఉంది. నలభై నిమిషాలు గేటు బయట, వీధి దీపం కింద డబ్బా మీద కూర్చున్నాను. ఒక్కసారి ఆలస్యమైనందుకు బాధ్యత లేనిదాన్ని అయిపోయానన్న ఉక్రోషం ఒకవైపు, రోడ్డు మీద పోయే ప్రతి బండికీ ఉలిక్కిపడటం మరోవైపు. అమ్మాయిల భద్రత కోసమే గేటు మూస్తామంటారు. ఆ నలభై నిమిషాలు నేను గేటుకు ఏ వైపు ఉన్నానో ఎవరూ ఆలోచించలేదు. చివరికి నాన్న నిర్మల్ నుంచి మేడమ్‌తో మాట్లాడాక తీశారు. ఆలస్యమవుతుందని తెలియగానే, బస్సులో ఉండగానే, తల్లిదండ్రుల చేత మేడమ్ ఫోనుకు సందేశం పెట్టించండి. సాయంత్రం ఆరింటిలోపు పెడితే ఏ గొడవా ఉండదని నాకు ఆ తర్వాత తెలిసింది. సకినాలు సగం పొడి అయ్యాయి. ఆయమ్మ ఆ పొడే అడిగి తీసుకుంది, మనవడికి పాలలో వేసి పెడతానని.

మెస్ గురించి రెండు మాటలతో సరిపెట్టలేను, ఎందుకంటే ఒక నెల దాన్ని నేనే నడిపాను. మాది డివైడింగ్ పద్ధతి. నెల మొత్తం ఖర్చును, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. వచ్చింది ఒక రోజు రేటు. ఎవరు ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు కట్టాలి. ఊరెళ్తే ఆ రోజులు తీసేస్తారు, దాన్ని మెస్ కట్ అంటారు. కానీ మూడు రోజుల ముందు రాసిచ్చి, కనీసం మూడు రోజులు వెళ్తేనే. 2023 నవంబరు 30న ఓటేయడానికి ఊరెళ్లి నాలుగు రోజులున్నాను, రాసివ్వలేదు. తినని నాలుగు రోజులకూ కట్టాను.

ప్రతి నెలా నలుగురమ్మాయిలకు మెస్ బాధ్యత పడుతుంది. కూరగాయలు తూకం వేయించుకోవడం, గ్యాసు బండలు లెక్క పెట్టడం, పుస్తకం రాయడం. నా వంతు 2024 అక్టోబరులో వచ్చింది. సెప్టెంబరు పుస్తకం చూశాను. ఖర్చు 6,48,000, తిన్న రోజులు 8,100, రోజుకు 80 రూపాయలు. సులువే అనుకున్నాను. అక్టోబరు దసరా నెల అని నాకు తట్టలేదు. సగం మంది బతుకమ్మకు ముందే ఊళ్లకు పోయారు. తినేవాళ్లు తగ్గారు కానీ వంటవాళ్ల జీతాలు తగ్గవు, పాలవాడు నెల ఒప్పందం తగ్గించడు, పొయ్యి వెలిగించాక ముప్పై మందికైనా మూడు వందల మందికైనా గ్యాసు కాలుతూనే ఉంటుంది. నెలాఖరుకు ఖర్చు 4,47,200, తిన్న రోజులు 4,300. రోజుకు 104.

నోటీసు బోర్డు మీద ఆ అంకె నా చేతి రాతతో పెట్టాక మూడు రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఎక్కువ నష్టపోయింది ఊరెళ్లలేక మిగిలిపోయిన వాళ్లు. నెలంతా ఉన్న అమ్మాయికి 3,224 పడింది, సగం నెల ఇంట్లో గడిపి వచ్చిన అమ్మాయికి 1,664. నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఇంటి దగ్గర పరిస్థితి బాగా లేక పండగక్కూడా వెళ్లలేదు. బిల్లు చూసి, "ఇంటికి పోయే దారి ఉన్నవాళ్లకు బువ్వ కూడా చవకే" అంది. గట్టిగా కూడా అనలేదు. దాని మీద వార్డెన్ మేడమ్‌తో మాట్లాడాను. వంటవాళ్ల జీతాలు, గ్యాసు వేరు చేసి అందరికీ సమానంగా వేయాలని, తిండి ఖర్చు మాత్రమే రోజులతో భాగించాలని అడిగాను. తర్వాతి ఏడాది చూద్దామన్నారు. తర్వాతి ఏడాది నేను లేను. ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తోందో జూనియర్లను అడగాలి.

భోజనం ఎలా ఉండేదంటే, పప్పు పలచన, చారు ఇంకా పలచన, అన్నం బాగుండేది. మంగళవారం గుడ్డు, ఆదివారం కోడికూర టోకెనుకు నాలుగు ముక్కలు. ఇంటి పచ్చడి ఉన్నవాళ్లు రాజులు. 2024 సెప్టెంబరు 17న గణేశ్ నిమజ్జనం రోజు రోడ్లు మూసేసి కూరగాయల బండి రాకపోతే మూడు పూటలా పులిహోర పెట్టారు. ఆ రోజు ఖమ్మం ఆవకాయ సీసా అడుగు కనిపించింది. మెస్ మూసే రోజుల్లో మాకు దిక్కు దగ్గర్లోని అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం. మొదటిసారి ఆ వరసలో నిలబడటానికి సిగ్గుపడ్డాను. వేడివేడి అన్నం, పప్పు చూశాక సిగ్గు పోయింది.

మా గదిలో ఆరో మనిషి కూడా ఉండేది. చెప్పొచ్చో లేదో తెలియదు కానీ, ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు కాబట్టి రాస్తున్నాను. రెండేళ్ల కిందట చదువు ముగించిన అక్క, డీఎస్సీకి చదువుకోవడానికి మళ్లీ వచ్చి మా గదిలో ఉంది. ఇలాంటి వాళ్లను నాన్‌బోర్డర్లంటారు. సీటుండదు, పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా రెండు మంచాల నడుమ చాప మీద పడుకుంది. తనిఖీ ఉందని తెలిస్తే సంచి సర్దుకుని రీడింగ్ హాలుకో, చిక్కడపల్లి గ్రంథాలయానికో వెళ్లిపోయేది. ఒక పూట గెస్టు టికెట్టు 60 రూపాయలకు కొనేది, రెండో పూట మేం మా పళ్లేల్లోంచి తీసి పెట్టేవాళ్లం. మొదట్లో నాకు ఆమె మీద కోపంగా ఉండేది. నేల జాగాలో అడుగు తగ్గింది, బకెట్ల వరసలో ఒక బకెట్టు పెరిగింది. అడగడానికి నోరు రాలేదంతే. ఆమె బకెట్టు మాత్రం ఎప్పుడూ వరసలో చివరిదే. అందరి స్నానాలయ్యాక, నీళ్లు ఆగిపోయే ముందు, తొట్టి అడుగున మిగిలినవి ముంచుకునేది.

డీఎస్సీ పరీక్షలు జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా జరిగాయి. ఆమెది అయిపోగానే ఊరెళ్లిపోయింది. సెప్టెంబరు 30న ఫలితాలు. అక్టోబరు 9న ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చిన రోజు నేను మెస్ బాధ్యత వల్ల ఇంకా హాస్టల్లోనే ఉన్నాను. సాయంత్రం ఆరింటికి ఆమె వచ్చింది, కొత్త చీర, చేతిలో కవరు. గేటు దగ్గరి రిజిస్టరులో పేరు రాయమంటే నింపాదిగా, పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా రాసింది. అన్నాళ్లూ దొంగచాటుగా దాటిన గేటు. ఆయమ్మ పెన్ను అలా పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. గదికి వచ్చి, చాప వేసుకునే జాగాలో కాసేపు కూర్చుంది. వంటావిడకు, ఆయమ్మకు చెరో చీర తెచ్చింది. మాకు కిలో బాదుషా. ఆ రాత్రి బస్సుకే నేను సద్దుల బతుకమ్మకు ఊరు వెళ్లాను. దారంతా కూర్చునే వెళ్లాను, సీటు దొరికింది.

బతుకమ్మ అంటే గుర్తొచ్చింది. సెలవులకు ముందు హాస్టల్లో కూడా ఆడతాం. పువ్వులు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చాం. తంగేడు పువ్వుకు డబ్బులివ్వడం నా జీవితంలో అదే మొదలు. మా ఊరి పొలిమేరలో ఎవరూ పట్టించుకోని పువ్వు. అమ్మకు ఫోన్లో చెబితే, "కట్ట ఎంత?" అని రెండుసార్లు అడిగింది.

జ్వరం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2024 ఆగస్టులో నాలుగు రోజులు లేవలేదు. హాస్టల్లో జబ్బు మనిషికి జావ కావాలంటే మేడమ్ చీటీ రాసివ్వాలి, మేడమ్ సాయంత్రం నాలుగు తర్వాతే ఉంటారు. వంటావిడ చీటీ లేకుండానే బియ్యపు రవ్వతో జావ కాచి, మూత పెట్టి భూపాలపల్లి చేతికిచ్చి పంపింది. మూడో రోజు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఉదయం ఎనిమిదిన్నరకు వరసలో నిలబడితే పన్నెండింటికి మందులు చేతికొచ్చాయి, రూపాయి ఖర్చు లేదు. ఆధార్ వెంట ఉండాలి. ఇంట్లో చెప్పలేదు. అమ్మ మాత్రం ఫోన్లో గొంతు విని పట్టేసింది.

చివరి పరీక్ష 2025 జులై 9న రాశాను. వారంలో ఖాళీ చేయమన్నారు. ఖాళీ చేయాలంటే నో డ్యూస్ కాగితం మీద ఏడు సంతకాలు కావాలి. గ్రంథాలయం, ప్రయోగశాల, మెస్, హాస్టల్ ఆఫీసు, క్రీడలు, ఖాతాల విభాగం, చివరగా ప్రిన్సిపాల్. రెండేళ్లలో నేను బంతి ముట్టుకోలేదు. అయినా ముట్టుకోలేదని క్రీడల సార్ సంతకం పెట్టాలి. ఆయన ఏదో టోర్నమెంటుకు వెళ్లారు, నాలుగు రోజులు. ప్రయోగశాలలో నా పేరు మీద ఒక బ్యూరెట్టు పగిలినట్టు రాసి ఉంది. నిజమే, పగలగొట్టాను, మొదటి సెమిస్టరులో. డబ్బు అప్పుడే కట్టాను. రసీదు ట్రంకు పెట్టె అడుగున, అమ్మ పరిచిన పాత దినపత్రిక కింద దొరికింది. చిన్న కాగితమైనా పారేయకండి. ఫీజు రీయింబర్స్‌మెంటు రెండో ఏడాదిది రాలేదు కాబట్టి, అది వచ్చేదాకా టీసీ ఇవ్వలేమన్నారు. రాకపోతే నేనే కడతానని కాగితం మీద రాసిచ్చాక ఇచ్చారు. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది, దాన్ని చూసినప్పుడల్లా కడుపులో కొంచెం తిప్పుతుంది.

ఏడు సంతకాలకు తొమ్మిది రోజులు పట్టింది. జులై 18న గది తాళంచెవి ఇచ్చేశాను. డిపాజిట్ అయిదు వేలలో చివరి నెల మెస్ బిల్లు 1,140 పోయింది. గదిలో కిటికీ అద్దం పగిలినందుకు తలా 250 వేశారు. ఆ అద్దం మేం చేరినప్పుడే పగిలి ఉంది. అట్ట ముక్క పెట్టి రెండు చలికాలాలు గడిపాం. చేరిన రోజు గదిని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే ఆ 250 మిగిలేవి. ఖాతా నంబరులో అంకె తప్పు రాసుకుని ఒకసారి, సంతకం చేసే సార్ బదిలీ అయి ఒకసారి, డబ్బు ఆగింది. ప్రతి సోమవారం ఆఫీసుకు ఫోన్ చేశాను. తొమ్మిదో సోమవారం, "పంపించాం, వచ్చేస్తుందమ్మా" అన్నారు. వచ్చింది.

ట్రంకు పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను. పరుపు ఆయమ్మ తీసుకుంది. బకెట్టు, నా తర్వాత ఆ మంచం దక్కిన ఆసిఫాబాద్ అమ్మాయికి ఇచ్చాను. మొన్న డబ్బు పడిన సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. "అక్కా, బకెట్టు మీద మీ ఊరి పేరు చెరిపేసి మా ఊరు రాసుకోనా?" అని అడిగింది.

ఈ సంవత్సరం చివరి దాకా ఉండనివ్వమన్నాను. కొత్తగా రాస్తే కొత్త బకెట్టనుకుంటారు, రాత్రికి రాత్రే వెనక్కి జరిపేస్తారు.